కరెంటు లేని ఇంట్లో చీజ్: నిమ్మరసమా, రెన్నెటా?

కట్టెలపొయ్యి: ఫ్రిజ్ లేని చోట రెన్నెట్ (పాలను గడ్డకట్టించే ఎంజైమ్) దండగ. 4 లీటర్ల పాలు అడుగంటకుండా కలుపుతూ 85–90 డిగ్రీలకు తెచ్చి దించండి. 120 మి.లీ. నిమ్మరసంలో అన్నే నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా పోయండి. నీళ్లు లేత ఆకుపచ్చగా తేరాయంటే చాలు, ఆ పైన పోసేదంతా పులుపే. గుడ్డలో వడకట్టి, ఉప్పు కలిపి, 2 గంటలు బరువు పెట్టండి.

పాలపుంత: మర్నాటికి ఏం మిగులుతుంది? ఎండాకాలంలో అది జిగురే. పోయినసారి రెన్నెట్ చీజ్ మీద నేను పెట్టిన పోస్టు కింద కూడా ఇదే ‘దండగ’ అన్నారు. పాలను 63 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచి, 32కి చల్లార్చి, తోడు వేసి గంట ఆగండి. పావు టీస్పూను ద్రవ రెన్నెట్‌ను క్లోరిన్ లేని పావు కప్పు చల్లటి నీళ్లలో కలిపి పోయండి. 45 నిమిషాలకు కత్తి దించి పైకి లేపితే గడ్డ నున్నగా చీలాలి. చీలలేదా, ఇంకో 10 నిమిషాలు ఆగండి, కదిలించొద్దు.

మజ్జిగచుక్క: థర్మామీటర్ లేదు. 32 ఎలా తెలుస్తుంది?

పాలపుంత: మణికట్టు మీద చుక్క వేస్తే వెచ్చగా అనిపించకూడదు, కాస్త చల్లగా ఉండాలి. పాశ్చరైజేషన్‌కు, అంటే క్రిములు చావడానికి పాలను 63లో ఉంచడానికి మాత్రం ఈ అంచనా పనికిరాదు, థర్మామీటర్ కొనాల్సిందే.

కట్టెలపొయ్యి: అదిగో, కొనాల్సిందే! నా పద్ధతికి అంచుల్లో నురగ లేచి ఆవిరి పడితే చాలు.

దాలిగుంట: పచ్చిపాలతో చేస్తేనే రుచి.

పాలపుంత: బ్రుసెల్లా (జ్వరం తెచ్చే క్రిమి) కూడా రావచ్చు. ఆ రుచి నాకొద్దు.

మజ్జిగచుక్క: నేను మరగకాచిన పాలలో రెన్నెట్ వేశాను. పేలికల్లా విడిపోయింది.

పాలపుంత: మరిగితే తేటలోని (గడ్డ నుంచి విడిపోయే నీళ్లలోని) ప్రొటీన్ వెళ్లి, గడ్డకట్టే ప్రొటీన్ అయిన కేసీన్‌కు అతుక్కుంటుంది, రెన్నెట్ తెగ్గొట్టాల్సిన చోటును కప్పేస్తుంది. టెట్రా ప్యాక్ పాలదీ అదే బాధ. వాటిని నిమ్మరసానికే వాడండి.

కట్టెలపొయ్యి: ఒప్పుకున్నారు! అసలు ఆ ద్రవ రెన్నెట్‌ను ఫ్రిజ్ లేకుండా ఎక్కడ దాస్తారో చెప్పండి. ఇందాకటి నుంచి దాటేస్తున్నారు.

పాలపుంత: మాత్రలు వాడండి. తడి తగలని డబ్బాలో, చల్లటి మూల. ఇక మీరు చెప్పండి, మీ పశువు వట్టిపోయాక ఏం తింటారు? ఈనిన కొత్తలో రోజూ పాలు మిగులుతాయి. వాటిని నిలవ చేయడానికే నా తంటా అంతా. మీరేమో ఇవాళ్టి కూర గురించి మాట్లాడుతున్నారు!

కట్టెలపొయ్యి: అవును, ఇవాళ్టి కూరే. ఆ ముక్క ముందే అంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. నిలవకు ఏం చేస్తారు?

పాలపుంత: వడిసిన గడ్డకు ఉప్పు రాసి ఒక రోజు ఆరనిచ్చి, ఉప్పునీళ్లలో ముంచుతాను. లీటరుకు 100 గ్రాముల ఉప్పు. మామూలు నీళ్లయితే గడ్డలోని కాల్షియం నీళ్లలోకి దిగి పైపొర జారుడుగా మారుతుంది. అందుకని ఆ చీజ్ తేటలోనే ఉప్పు కలపాలి.

దాలిగుంట: ఎంత వేడిమిలో?

పాలపుంత: 10–13 డిగ్రీలు. నేలమాళిగలో.

కట్టెలపొయ్యి: నేలమాళిగ 28 ఉంటే?

పాలపుంత: తడిగుడ్డ చుట్టిన మట్టికుండ, గాలి పొడిగా ఉంటే.

కట్టెలపొయ్యి: ఉక్కపోత రోజుల్లో ఆ కుండ ఏం చల్లబడుతుందండీ? అలాంటప్పుడు నిమ్మరసం, ఆ పూటే తినడం.

పాలపుంత: ఆ రోజుల వరకూ సరే.