గేములు చేసేవాళ్లే రివ్యూలు రాస్తే ఎంత నమ్మొచ్చు?

పర్లాకిమిడి_పాచికలు:
అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న బోర్డ్ గేమ్ కంపెనీకి ఇంటి నుంచే రూల్ బుక్కులు రాసిపెడతాను. తీరిక దొరికితే వేరే కంపెనీల గేముల మీద తెలుగులో రివ్యూలు కూడా రాస్తుంటాను. మొన్న ఒక గేము గురించి "కొత్తవాళ్లకు కాస్త ఓపిక కావాలి" అని రాశాను. దాన్ని చేసినతను నాకు తెలిసినవాడే, రెండుసార్లు కలిసి భోంచేశాం. రాయగడ నుంచి ఒకాయన ఆ రివ్యూ చదివి, 3,200 పెట్టి కొని, వారం తర్వాత మెసేజ్ పెట్టాడు: "అన్నా, కాస్త ఓపిక అంటే రూల్సు అర్థం కావడానికే రెండున్నర గంటలా?"

అబద్ధమైతే రాయలేదు. కానీ ఆ ముక్క రాస్తున్నప్పుడు నా కళ్ల ముందున్నది గేము చేసినతనే, కొనేవాళ్లు గుర్తే రాలేదు. మీకెవరికైనా ఇలా జరిగిందా?

రాయగడ_గళ్లనుడి:
ఆ ఒకాయన్ని నేనే. ఇక్కడ పెట్టె విప్పి ఆడి చూసి కొనే షాపు లేదు. రివ్యూ చదవాలి, డబ్బు కట్టాలి, అంతే. ఇప్పుడిప్పుడే మీ భాష పట్టుబడుతోంది. "థీమ్ చాలా బాగుంది" అంటే ఆట గురించి చెప్పడానికి ఏమీ లేదని. "గ్రూపును బట్టి ఉంటుంది" అంటే వాళ్ల గ్రూపుకి నచ్చలేదని. ఎవరైనా దీనికో నిఘంటువు వేస్తే పుణ్యముంటుంది.

బరంపురం_మాస్టారు:
నిఘంటువు మాట బాగుంది తమ్ముడూ. జర్మనీలో 1979 నుంచి ఇస్తున్న స్పీల్ డెస్ యారెస్ అనే, ఆ ఏటి మేటి గేముకిచ్చే అవార్డు జ్యూరీలో గేములు చేసేవాళ్లుండరు, విమర్శ రాసేవాళ్లే ఉంటారు. 1995లో కటాన్ అనే బోర్డ్ గేముకు ఇచ్చింది వాళ్లే. ఎందుకలా అంటే పెద్ద రహస్యమేం లేదు, కాకిపిల్ల కాకికి ముద్దు.

నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. తోటి మాస్టారి క్లాసు చూసి రిపోర్టు రాయమంటే ఎవరూ ఉన్నదున్నట్టు రాయరు. మర్నాడు స్టాఫ్ రూములో పక్క కుర్చీలో కూర్చోవాలి కదా! ఇక మార్కులు. బోర్డ్ గేమ్ గీక్ అనే వెబ్‌సైట్లో పదికి 7 అంటే ఏమిటో రాసిపెట్టి ఉంటుంది: మంచి ఆట, ఆడదామంటే చాలావరకు సరే అంటాను అని. మన రివ్యూల్లో 7 అంటే తిట్టలేక వేసిన మార్కు.

జయపురం_ప్రెస్సు:
మాస్టారూ, మొత్తం కొట్టిపారేయకండి. నేను ప్రింటింగ్‌లో ఉన్నాను. నల్ల అంచు కార్డులు నాలుగు రోజులు కలిపితే అరిగి తెల్లబడతాయి, ఎవరి చేతిలో ఏముందో వెనక నుంచే తెలిసిపోతుంది అని నాకు చెప్పింది ఒక గేమ్ డిజైనర్ రాసిన రివ్యూనే. మామూలు ఆటగాడికి ఆ చూపు రాదు.

కాకపోతే అతనే ఇంకో వేలంపాట గేమును వెటకారంగా చీల్చి చెండాడాడు. నేనూ నవ్వుకుని, కొనడం మానేశాను. మూడు నెలలకి అతని సొంత వేలంపాట గేమే మార్కెట్లోకి వచ్చింది. ముందే ఆ ముక్క చెప్పి ఎంత తిట్టినా నాకేం బాధ ఉండేది కాదు.

పర్లాకిమిడి_పాచికలు:
స్టాఫ్ రూము మాట బాగా తగిలింది మాస్టారూ. నాది ఇంకొకటుంది, చెప్పాలా వద్దా అనుకుంటూ ఉన్నాను.

గంజప అనే పేకాట చీట్లకు మా ఊరికి పాత పేరు. గుడ్డకి చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, గుండ్రంగా కోసి రంగులేస్తారు. దశావతారాల కట్టలో 120 చీట్లు. అవతారానికి 12: పది అంకెలు, ఒక రాజు, ఒక మంత్రి. తెలిసిన పెద్దాయన ఒకరు తను చేసిన కట్ట ఊరికే ఇచ్చారు. ఆట వచ్చిన ముసలివాళ్లతో కూర్చుని ఆడి, రివ్యూ రాశాను. వానాకాలంలో చీట్లు అంటుకుంటున్నాయి, దీపం వెలుగులో రెండు రంగులు ఒకేలా కనిపిస్తున్నాయి అని. ఆయన చదివించుకుని, "బాబూ, వీటితో ఇప్పుడు ఆడేదెవరు? గోడకి తగిలించుకోవడానికి కొంటున్నారు. నువ్వు ఆటగా తూచావు" అన్నారు. కోపంగా కూడా అనలేదు.

రాసింది నిజమే. కానీ కలిసి భోంచేసినవాడి గేముకేమో "కాస్త ఓపిక", ఈ పెద్దాయనకేమో లోపాల పట్టిక. రెండు రివ్యూలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే సిగ్గేసింది.

గుణుపురం_గవ్వలు:
ఎంతమందితో, ఎన్నిసార్లు ఆడారో మొదట్లోనే రాయండి. ఒక్కసారి ఆడి రాసింది నేను సగంలోనే వదిలేస్తాను. వీడియోలవాళ్లకి ఈ బాధే లేదు, అన్నీ సూపరే.

రాయగడ_గళ్లనుడి:
అన్నా, మరి నేను కొన్న గేము రివ్యూ మళ్లీ రాస్తారా?

పర్లాకిమిడి_పాచికలు:
రాస్తాను. నేనెక్కడ పనిచేస్తానో, చేసినతను నాకెంత తెలుసో మొదటి లైన్లోనే పెడతాను. చిక్కేమిటంటే, నేను ఆడినప్పుడు రూల్సు అతనే పక్కన కూర్చుని చెప్పాడు. రూల్ బుక్కు తెరవనే లేదు.

రాయగడ_గళ్లనుడి:
అదీ సంగతి! ఆదివారం గుణుపురం దాకా బస్సులో వచ్చి రైలెక్కుతాను, పెట్టె నేనే తెస్తాను. మీరు మాత్రం నోరు విప్పకూడదు. రూల్సు మా బావమరిది చదువుతాడు, నేను గడియారం చూస్తాను.