ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) 2017-18 సీజన్ నాటి పేపర్లు, ఫొటోలు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారమండీ. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయికి బెంగళూరు ఎఫ్‌సీ అంటే ప్రాణం. స్కూల్ ప్రాజెక్టుకి ఆ జట్టు ఐఎస్‌ఎల్‌లో ఆడిన మొదటి సీజన్‌ని ఎంచుకున్నాడు.

లీగ్ దశలో 18 మ్యాచ్‌లకి 40 పాయింట్లతో మనవాళ్లే టాప్. లీగ్ దశలో టాప్‌గా నిలిచినవాళ్లకిచ్చే లీగ్ షీల్డ్ 2019-20లో గానీ రాలేదు కాబట్టి, అప్పట్లో ఫైనల్ గెలిచినవాళ్లకే అన్నీ. 2018 మార్చి 17న సొంత కంఠీరవ స్టేడియంలోనే ఫైనల్లో చెన్నై జట్టు చెన్నైయిన్ చేతిలో 3-2తో ఓడిపోయారు. మన కెప్టెన్ సునీల్ ఛెత్రి 9వ నిమిషంలోనే గోల్ కొట్టినా, చెన్నైయిన్ ఆటగాడు మైల్సన్ ఆల్వెస్ రెండు హెడర్లతో మ్యాచ్ తిప్పేశాడు. అయినా ఆ ఏడాది నిలకడగా ఆడింది బెంగళూరే అని నా నమ్మకం. మావాడూ అదే రాస్తున్నాడు.

స్కోర్లు నెట్‌లో దొరికాయి. వాడికి కావాల్సింది ఫైనల్ మర్నాటి పేపర్లు, స్టాండ్స్‌లో జనం ఫొటోలు. కబ్బన్ పార్కులోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో 2018 నాటి పేపర్లు చూడనిస్తారా? పిల్లల్ని లోపలికి రానిస్తారా? ఆ సీజన్‌లో మ్యాచ్‌లకి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరు తీసిన ఫొటోలు, పాత టికెట్లు దయచేసి ఇక్కడ పెట్టండి. మీరు ఒప్పుకుంటేనే ప్రాజెక్టులో వాడతాం. వచ్చే వారమే ఇవ్వాలి, కాస్త టెన్షన్‌గా ఉంది.