చండీగఢ్ రోజ్ గార్డెన్ సైజు పూలు హైదరాబాద్ కుండీల్లో రావాలంటే కత్తిరింపు ఎప్పుడు?

సందేహం: ఫిబ్రవరి నెలాఖరులో చండీగఢ్ సెక్టార్ 16లోని జాకీర్ హుస్సేన్ రోజ్ గార్డెన్ చూశాం. ఒక్కో పువ్వు అరచేయంత. ఇక్కడ హైదరాబాద్‌లో మేడ మీద 12 అంగుళాల కుండీల్లోని హైబ్రిడ్ టీ (కొమ్మకు ఒక్కో పెద్ద పువ్వు పూసే రకం) గులాబీ మొక్కలు సన్నగా సాగి, కొసన చిన్న పువ్వు పూస్తున్నాయి. ఇప్పుడే కత్తిరించెయ్యమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దండీ. ఎండాకాలం ముందు గట్టిగా కోస్తే లేత చిగుళ్లు మాడిపోతాయి. వాడిన పూలను మాత్రం కింద కనిపించే మొదటి అయిదాకుల రెమ్మ పైదాకా కత్తిరించండి. అసలు కత్తిరింపు అక్టోబరులో, వానలు వెనకబట్టాక. చండీగఢ్‌లోనూ అక్టోబరే, తేడా ఆ తర్వాత వస్తుంది. అక్కడ డిసెంబరు, జనవరి చలికి చిగురు నెమ్మదిగా ఎదిగి మొగ్గ లావెక్కుతుంది. ఫిబ్రవరి ఎండ తగలగానే తోటంతా ఒక్కసారిగా పూస్తుంది, గులాబీల పండుగ పెట్టేదీ అప్పుడే. మన దగ్గర ఆ సమయానికే వేడి పెరిగి, మొగ్గ నిండకుండానే విడిపోతుంది. మనకు పెద్ద పూల కాలం డిసెంబరు, జనవరి.

కోసే పద్ధతి: నాలుగైదు గట్టి కొమ్మలు ఉంచి, 30-45 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గించండి. ఎండినవి, పెన్సిల్ కన్నా సన్నవి, మధ్యలో ఒకదానికొకటి అడ్డం పడేవి మొదలంటా తీసేయండి. బయటి వైపు చూసే కన్నుకు (కొమ్మ మీద చిగురు పుట్టే చోటు) అర సెంటీమీటరు పైన, కన్నుకు ఎదుటి వైపు వాలేలా ఏటవాలుగా కోయాలి. కోసినచోట కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రాలను ఆపే మందు) ముద్ద పూయండి. పైమట్టి రెండంగుళాలు తీసి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేయండి. సుమారు 45 రోజులకు పూలు. తీగ గులాబీలను మాత్రం ఇలా కోయకండి, వాటికి ఎండుకొమ్మలు తీస్తే చాలు.

మరో సందేహం: కిందటిసారి కోశాక కొమ్మ కొసలు నల్లబడి కిందికి పాకాయి. ఎందుకు?

జవాబు: అది ఎండు తెగులు. కన్నుకు మరీ పైన కోస్తే మిగిలిన మోడు ఎండి, అక్కణ్ణుంచి శిలీంధ్రం దిగుతుంది. మొండి కత్తెర కొమ్మను నలిపినా అంతే. నలుపు కింద రెండు మూడంగుళాలు తగ్గించి కోయండి. మధ్య బెండు తెల్లగా కనబడేదాకా కోస్తూ కిందికి రండి. ప్రతి కోతకూ ముందు కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి.

ఇంకొకరి జవాబు: ఒకటి చేర్చాలి. మొదట్లోంచి ఏపుగా లేచి పూయని పిలక ఉంటే మట్టి తప్పించి చూడండి. అంటు ముడి (అంటు కట్టినచోట ఉబ్బుగా ఉండేది) కింది నుంచి వస్తే అది వేరుమూలం పిలక, అంటే మంచి రకాన్ని అంటుకట్టిన అడుగు మొక్కది, మొక్క బలమంతా అదే లాగేస్తుంది. పైన కోస్తే మళ్లీ రెండు మూడుగా లేస్తుంది. పుట్టినచోట పట్టుకుని కిందికి లాగి పెరకాలి. ఏడాకుల రెమ్మ ఉంటే వేరుమూలం పిలకే అంటుంటారు, కానీ ఆకుల లెక్క చూసి నిర్ణయించకండి, మంచి రకాల్లోనూ ఏడాకుల రెమ్మలు వస్తాయి.