ద్రవం గాజయ్యేటప్పుడు కదలికను ఆపేది ఎంట్రోపీయా, పక్క అణువులా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
మా ఎమ్మెస్సీ పిల్లలకి ఈసారి సెమినార్ టాపిక్ ఇది. ద్రవాన్ని స్ఫటికం కానివ్వకుండా చల్లార్చుకుంటూ పోతే స్నిగ్ధత (పారడానికి అడ్డుపడే చిక్కదనం) లక్ష కోట్ల పాస్కల్ సెకన్లకు చేరుతుంది. అక్కడి నుంచి దాన్ని గాజు అంటున్నాం. ఎక్స్‌రేలో చూస్తే అణువుల అమరిక ముందు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంటుంది. మరి కదలిక ఎందుకు చచ్చిపోతోంది?

నా ఓటు ఎంట్రోపీకే, అంటే అణువులు ఎన్ని రకాలుగా అమరగలవో చెప్పే కొలతకే. ద్రవం ఎంట్రోపీ గీతను కిందికి పొడిగిస్తే ఒకచోట స్ఫటికం కంటే తక్కువైపోతుందని 1948లో కౌజ్‌మన్ చూపించాడు. అమరికలు తగ్గేకొద్దీ ఒక అణువు కదలాలంటే ఇంకా పెద్ద గుంపు కలిసి కదలాలని 1965లో ఆడమ్, గిబ్స్ అన్నారు. కిర్క్‌పాట్రిక్, తిరుమలై, వోలిన్స్ 1980ల్లో ఆ ఆలోచనకి గట్టి పునాది వేశారు.

కంటోన్మెంట్ కుర్రాడు (విజయనగరం):
మాస్టారూ, గీత పొడిగించడమే సాక్ష్యమా? చల్లబడేకొద్దీ స్నిగ్ధత ఎలా పెరుగుతుందో లెక్కగట్టే వీఎఫ్‌టీ సమీకరణం ప్రకారం ఒక ఉష్ణోగ్రత దగ్గర స్నిగ్ధత అనంతమైపోవాలి. అక్కడిదాకా వెళ్లి చూసినవాళ్లెవరు? 2008లో హెక్షర్, డైర్ బృందం 42 ద్రవాల డేటా తిరగేసి, అనంతమవుతుందనడానికి ఆధారం పెద్దగా లేదని తేల్చింది. 2013లో రెండు కోట్ల ఏళ్ల నాటి చెట్టు జిగురు శిలాజమైన యాంబర్‌ని పరీక్షించారు. అన్నేళ్లు భూమిలో పడి ఉండి, తనంతట తాను సర్దుకున్న గాజు అది. మనం ల్యాబ్‌లో ద్రవాన్ని మామూలుగా చల్లార్చి ఎన్ని జన్మలు కూర్చున్నా అంతగా సర్దుకున్న గాజు చేయలేం. అందులో కూడా రిలాక్సేషన్ కాలం (అణువులు సర్దుకోడానికి పట్టే సమయం) వీఎఫ్‌టీ చెప్పినంతగా పెరగలేదు.

1984 నాటి ఫ్రెడ్రిక్సన్, ఆండర్సన్ నమూనా చూడండి. పక్కవాడు కదిలితేనే నువ్వు కదలాలి, నియమం అంతే. ఎంట్రోపీలో వింతేమీ లేదు, అయినా కదలిక మందగిస్తుంది.

వంశధార:
ద్రవంలో కణాల కదలికని లెక్కగట్టే మోడ్ కప్లింగ్ సిద్ధాంతం, ఎంసీటీ సంగతేటి? దాన్నెవరూ తలవలేదు.

నాగావళి ఒడ్డు:
మందగింపు మొదటి దశలకి బాగానే పనిచేస్తుంది. కానీ అసలు టీజీకి (ద్రవం గాజయ్యే ఉష్ణోగ్రతకి) చాలా పైనే అంతా ఆగిపోతుందంటుంది, ఆగదు.

పలాస కోడలు:
మా జీడిపప్పు పాకం కూడా గాజే కదా? పొయ్యి మీంచి దించగానే తీగలా సాగుతుంది, చల్లారాక ఫట్టున విరుగుతుంది. వానాకాలంలో డబ్బా మూత సరిగా పెట్టకపోతే మళ్లీ వేలికి అంటుకుంటుంది. గదిలో వేడి పెరగలేదే!

కంటోన్మెంట్ కుర్రాడు:
గాజేనండీ. తేమ పీల్చుకుంటే పాకం టీజీ దిగిపోతుంది. అది గది ఉష్ణోగ్రత కంటే కిందికి పోయిందంటే ముక్క మెత్తబడినట్టే. అయితే దీన్ని మాస్టారూ తన ఖాతాలో వేసుకోవచ్చు, నేనూ వేసుకోవచ్చు. తీర్పుకి పనికిరాదు.

పనికొచ్చేది స్వాప్ పద్ధతి. కంప్యూటర్లో రకరకాల సైజు కణాలు పెట్టి, ఏ రెండింటి సైజులైనా మార్చుకోవచ్చని అనుమతిస్తారు. 2017లో నినారెల్లో, బెర్తియే, కొస్లోవిచ్ ఇలా చేస్తే సమతాస్థితికి చేరే వేగం వెయ్యి కోట్ల రెట్లకు పైగా పెరిగింది. అమరిక అదే, ఎంట్రోపీ అదే. కదిలే నియమం ఒక్కటే మారింది! ఎంట్రోపీయే ఆపుతుంటే ఇది ఎలా సాధ్యం? అదే ఏడాది వ్యార్, కేట్స్ అడిగింది కూడా ఇదే.

నాగావళి ఒడ్డు:
నీకు అనుకూలమైన సగమే చెప్పావు బాబూ. అదే స్వాప్‌తో, అదే ఏడాది, ప్రయోగాల టీజీకి కూడా కిందికి వెళ్లి ఎంట్రోపీ లెక్కగట్టారు. అది కౌజ్‌మన్ అన్న దిశలోనే తగ్గుతూ వచ్చింది. కుర్రాడి ప్రశ్నకి 2019లో బెర్తియే, బిరోలి, బూషో, టార్జుస్ జవాబిచ్చారు. స్వాప్ పక్కదారి తెరుస్తుంది కాబట్టి ఎంట్రోపీ అవరోధం ఇంకా చల్లబడేదాకా కనబడదు. కనబడనంత మాత్రాన లేనట్టు కాదు.

కంటోన్మెంట్ కుర్రాడు:
ఉందనే అనుకుందాం మాస్టారూ. స్వాప్ ద్రవం హాయిగా తిరుగుతున్న ఉష్ణోగ్రతలోనే మామూలు ద్రవం గడ్డలా కూర్చుంది. ఆ తేడా అంతా నియమాలదే కదా. మరి టీజీ దాకా మనం ల్యాబ్‌లో కొలిచే మందగింపులో ఎంట్రోపీ వాటా ఎంతో విడిగా చూపించిన ప్రయోగం ఒక్కటి చెప్పండి. మీ పిల్లల సెమినార్‌కి నేనే బస్సెక్కి వస్తాను.