ల్యాప్‌టాప్ మూత వేసి తీస్తే వైఫై బటనే ఉండటం లేదు, రీస్టార్ట్ చేస్తే వస్తోంది

లాసన్స్‌బే కాలనీ నుంచి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. విశాఖ పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో పనిచేస్తాను. ఎక్కువగా రొయ్యల కంటైనర్లకి షిప్పింగ్ బిల్లులు (ఎగుమతికి కస్టమ్స్‌కి ఇచ్చే పత్రాలు) వేస్తాం. కటాఫ్, అంటే ఆఖరి గడువు, తెల్లవారుజామున పడిందంటే రాత్రి ఇంటి దగ్గరే కూర్చుని కస్టమ్స్ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్‌లో పంపించాలి.

నాది విండోస్ 11 ల్యాప్‌టాప్. పని చేస్తున్నంతసేపూ వైఫై బాగానే ఉంటుంది. మూత వేసి, పిల్లలకి అన్నం పెట్టి వచ్చి మళ్లీ తీసేసరికి పోతుంది. సిగ్నల్ తగ్గడం కాదు. కింద మూలన ఉండే వైఫై గుర్తు పోయి గ్లోబు బొమ్మ వస్తుంది. దాన్ని నొక్కితే బ్లూటూత్ బటన్ ఉంటుంది గానీ వైఫై బటనే ఉండదు. అదే గదిలో ఫోన్‌కీ టీవీకీ నెట్ వస్తూనే ఉంటుంది.

రీస్టార్ట్ చేస్తే వచ్చేస్తుంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే మాత్రం ఒక్కోసారి రాదు, నాకు అర్థం కానిది అదే. ప్రతిసారీ రీస్టార్ట్ అంటే తెరిచి పెట్టుకున్న ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు అన్నీ మూసి మళ్లీ తెరవాలి. డిజిటల్ సంతకం టోకెన్‌కి మళ్లీ పిన్ కొట్టాలి. ఈలోపు ఎగుమతిదారు నుంచి ఫోన్ మీద ఫోన్.

ఒక షాపులో చూపిస్తే లోపలి వైఫై కార్డు పోయింది, మార్చాలన్నారు. ఇంకోచోట ఫార్మాట్ కొడదామన్నారు. మా అత్తగారు సముద్రపు గాలికి లోపల తుప్పు పట్టి ఉంటుందంటున్నారు. మా వీధిలో కిటికీ గొళ్లాల గతి చూస్తే అదీ కాదనలేను. డబ్బు పెట్టే ముందు తెలిసినవాళ్లు ఎవరైనా చెప్తారని అడుగుతున్నాను.

మధురవాడ నుంచి:

అక్కా, డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో మీ వైఫై పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్లండి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అనే అర్థంతో ఒక టిక్కు ఉంటుంది. అది తీసేయండి. మా ఆఫీసులో పాత ల్యాప్‌టాప్‌లు ఎన్నిటికో ఇదే చేశాను, పనిచేసింది.

లాసన్స్‌బే కాలనీ నుంచి:

థాంక్యూ తమ్ముడూ. వెతికాను. జనరల్, అడ్వాన్స్‌డ్, డ్రైవర్ లాంటివి ఉన్నాయి గానీ పవర్ మేనేజ్‌మెంట్ అనే ట్యాబే లేదు. అసలు లేకుండా కూడా ఉంటుందా?

ద్వారకానగర్ నుంచి:

మేడం, నేను ద్వారకానగర్‌లో ల్యాప్‌టాప్ సర్వీసు చేస్తాను. కార్డు మార్పించకండి. ఫార్మాట్ అసలే వద్దు. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది.

వైఫై పోయినా బ్లూటూత్ ఉందన్నారు కదా. ఆ రెండూ ఒకే చిన్న కార్డు మీద ఉంటాయి, కానీ మదర్‌బోర్డుతో మాట్లాడే దారులు వేరు. చాలా కార్డుల్లో వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిన, బ్లూటూత్ యూఎస్‌బీ దారిన వెళ్తాయి. బ్లూటూత్ బతికుందంటే కార్డుకి కరెంటు అందుతోందన్నమాట, స్లాటులో కూర్చునే ఉందన్నమాట. పడిపోయింది వైఫై సగం ఒక్కటే. పైగా రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ లేస్తోంది. కాలిపోయిన కార్డు అలా లేవదు.

ఇక షట్‌డౌన్ సంగతి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, మీరు షట్‌డౌన్ కొట్టినప్పుడు ప్రోగ్రాములు మూతపడతాయి గానీ విండోస్ లోపలి భాగం, వైఫై కార్డు లాంటి పరికరాలని నడిపే ప్రోగ్రాములైన డ్రైవర్లతో సహా, డిస్కులోకి రాసి పెట్టుకుంటుంది. ఆన్ చేయగానే మొదటి నుంచి మొదలుపెట్టకుండా, రాసుకున్నదే మళ్లీ ఎత్తుకుంటుంది. తిక్క పట్టిన డ్రైవర్ ఆ తిక్కతోనే తిరిగొస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రం ఈ దాచిపెట్టడం ఉండదు, అంతా కొత్తగా లోడ్ అవుతుంది. అందుకే దానికే వస్తోంది. ‘ఆపి వేసినా రాలేదు కాబట్టి హార్డ్‌వేరే పోయింది’ అన్న మాట మీద మంచి కార్డులు తీసి పారేయించుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. అవసరం లేని ఖర్చు, చూస్తే బాధేస్తుంది.

పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ లేకపోవడం తప్పు కాదు. పాత ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అంటే ఎస్3. ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోయేది. మధురవాడ తమ్ముడు చెప్పిన టిక్కు ఆ కాలపు మెషిన్లకి సరిగ్గా సరిపోతుంది. ఇప్పటి వాటిలో చాలావాటికి మోడర్న్ స్టాండ్‌బై వచ్చింది, దాన్నే ఎస్0 అంటారు. మూత వేశాక కూడా మెషిన్ పూర్తిగా పడుకోదు, ఫోన్ లాగా స్క్రీన్ ఆర్పి కునుకు తీస్తుంది. మెయిల్ చూసుకోవడానికని వైఫై కార్డుని మధ్యమధ్యలో లేపుతుంది, మళ్లీ పడుకోబెడుతుంది. అంటే మీరు అన్నం పెట్టి వచ్చేలోపు ఆ కార్డు చాలాసార్లు లేచి పడుకుని ఉంటుంది. అన్నిసార్లలో ఒక్కసారి డ్రైవర్ సరిగా లేపలేకపోయినా వైఫై అక్కడితో ఆగిపోతుంది. మీ మెషిన్‌కి ఏ స్లీప్ ఉందో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ ఏ కొట్టండి. జాబితా చూపిస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఈసారి వైఫై పోగానే రీస్టార్ట్ కొట్టకండి. రీస్టార్ట్ కొడితే నెట్ వస్తుంది, కానీ ఎందుకు పోయిందో చెప్పే గుర్తులు తుడిచిపెట్టుకుపోతాయి. అర్జెంటు బిల్లు ఉంటే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేసుకోండి. దానికి ల్యాప్‌టాప్ వైఫైతో పని లేదు, బిల్లు వెళ్లిపోతుంది. అది పంపాక నిమ్మళంగా డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూకి వెళ్లి షో హిడెన్ డివైసెస్ పెట్టి చూడండి.

వైఫై పేరు వెలిసిపోయినట్టు కనబడి, లోపల కోడ్ 45 అని ఉంటే విండోస్‌కి ఆ క్షణంలో కార్డు కనబడటమే లేదు. పేరు మామూలుగానే ఉండి పసుపు పచ్చ ముక్కోణంతో కోడ్ 10 అని ఉంటే కార్డు కనబడుతోంది, డ్రైవర్ మొదలవడం లేదు. పేరు శుభ్రంగా ఉండి, కనెక్ట్ అయినట్టే చూపిస్తూ నెట్ రాకపోతే అది వేరే కథ, కార్డు జోలికి పోనక్కర్లేదు. మూడూ బయటికి ‘స్లీప్ తర్వాత వైఫై రాలేదు’ అనే కనబడతాయి, మందు మాత్రం దేనికదే. మీది మొదటిది గానీ రెండోది గానీ అయ్యుండాలి.

ఏదైనా సరే మొదట చేయాల్సింది డ్రైవర్. అప్‌డేట్ డ్రైవర్ నొక్కి ‘ఉన్నదే కొత్తది’ అనిపించుకుని ఆగిపోవద్దు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు చూసి, ఆ కంపెనీ సైటులోనే ఆ మోడల్‌కి పెట్టిన వైఫై డ్రైవర్, దాంతోపాటు బయోస్ (విండోస్ కంటే ముందే మెషిన్‌ని లేపే ప్రోగ్రాం) అప్‌డేట్ తీసుకోండి. నిద్రలేపే పనిలో సగం బయోస్‌ది, దాన్ని చాలామంది వదిలేస్తారు. బయోస్ వేసేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచండి, మధ్యలో ఆపకూడదు. ఈ గోల ఏదైనా విండోస్ అప్‌డేట్ తర్వాతే మొదలైందని గుర్తుంటే, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ వెలుగుతోందేమో చూడండి. పాతదానికి వెళ్లడమే మేలు కావచ్చు.

కార్డు బొత్తిగా కనబడకపోతే షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడు ఫాస్ట్ స్టార్టప్ లేకుండా నిజంగా ఆగుతుంది. ఛార్జర్ తీసేసి పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి.

అత్తగారి మాట కొట్టిపారేయను. బీచ్ వైపు ఇళ్ల నుంచి వచ్చే మెషిన్లు విప్పితే తేడా తెలిసిపోతుంది. అడుగు మరల తలలు ఎర్రగా, యూఎస్‌బీ రేకుల మీద మచ్చలు. వైఫై కార్డు మీద యాంటెన్నా వైర్లు రెండు ఉంటాయి, బొత్తాం లాంటి బుల్లి కనెక్టర్లతో నొక్కి పెడతారు. ఉప్పు గాలికి ఆ బొత్తాం చుట్టూ పచ్చటి పొడి పేరుకుంటుంది. కానీ తుప్పుకి స్లీప్ అనే పట్టింపు ఉండదు మేడం. పని మధ్యలోనే సిగ్నల్ గీతలు పడిపోతాయి. మూత ముందుకీ వెనక్కీ కదిపితే మారతాయి, ఎందుకంటే ఆ వైర్లు బందుల గుండానే స్క్రీన్ పైకి వెళ్తాయి. మీకు పని చేస్తున్నంతసేపూ బాగుంటోందంటే తుప్పు కాదనే నా నమ్మకం.

విశాలాక్షి నగర్ నుంచి:

బాబూ, మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. పోర్టులో చేసి రిటైర్ అయినవాణ్ని. నా ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు పోదు. స్లీప్ నుంచి లేపాక కనెక్టెడ్ అనే అంటుంది, కానీ ఏ పేజీ తెరుచుకోదు. కరెంటు పోయి వచ్చిన రోజైతే 5 గిగాహెర్ట్జ్ పేరు కాసేపు కనిపించదు కూడా. కైలాసగిరి మీద వాతావరణ శాఖ వాళ్ల రాడార్ ఉంది కదా, మా ఇల్లు దాని కిందే. దానివల్లేనని మా అపార్ట్‌మెంట్‌లో అంటారు. నిజమేనా?

ద్వారకానగర్ నుంచి:

నమస్తే సార్. కైలాసగిరి డాప్లర్ రాడార్ ఎస్ బ్యాండ్‌ది. అది 2.7 గిగాహెర్ట్జ్ పైన పనిచేస్తుంది. మన వైఫై 2.4 దగ్గర ఒకటి, 5 పైన ఒకటి. అది మీ వైఫైకి అడ్డం రాదు, తుఫాన్లప్పుడు మనల్ని కాచే రాడార్ అది.

కానీ రాడార్‌తో వేరే సంబంధం ఒకటి ఉంది. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఛానళ్లని కొన్ని రకాల రాడార్లు కూడా వాడతాయి. అందుకని రూటర్ ఆ ఛానల్ ఎంచుకుంటే ముందు కనీసం ఒక నిమిషం ఊరికే వినాలి, రాడార్ లేదని తేలాకే సిగ్నల్ వదలాలి. కరెంటు వచ్చాక మీ 5 గిగాహెర్ట్జ్ పేరు ఆలస్యంగా కనబడేది అందుకే అయ్యుండొచ్చు. ఆ ఛానళ్లలో ల్యాప్‌టాప్ కూడా తనంతట తాను పిలవకుండా రూటర్ పలికేదాకా ఆగుతుంది, కాబట్టి స్లీప్ నుంచి లేచాక వెతుక్కోవడం కూడా నెమ్మదే. రూటర్ సెట్టింగ్స్‌లో ఛానల్‌ని ఆటో నుంచి మార్చి 36 నుంచి 48 లోపు ఏదైనా పెట్టండి. రూటర్‌కి ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

కనెక్టెడ్ అని ఉండి పేజీలు రాని రోజున కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టండి. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదన్నమాట. వైఫై ఆపి మళ్లీ వేస్తే తెచ్చుకుంటుంది. అడ్రస్ 192.168తో సరిగానే ఉంటే ల్యాప్‌టాప్‌ని వదిలేసి, అదే సమయంలో ఫోన్‌లో నెట్ వస్తోందో లేదో చూడండి. ఫోన్‌లోనూ రాకపోతే లైనుదో రూటర్‌దో సమస్య.

లాసన్స్‌బే కాలనీ నుంచి:

ద్వారకానగర్ అన్నగారూ, రాత్రి మళ్లీ పోయింది. మీరన్నట్టే రీస్టార్ట్ కొట్టలేదు. ఫోన్ కేబుల్ పెట్టి ముందు బిల్లు పంపేశాను, అది హాయిగా వెళ్లిపోయింది. తర్వాత హిడెన్ డివైసెస్ పెట్టి చూస్తే వైఫై పేరు వెలిసిపోయి ఉంది, కోడ్ 45. స్లీప్ జాబితాలో ఎస్0 అని ఉంది, ఎస్3 ఈ మెషిన్‌లో లేదని రాసింది. కంపెనీ సైటులో చూస్తే నా దగ్గరున్న దానికంటే కొత్త డ్రైవర్ ఉంది, బయోస్ కూడా ఉంది. రెండూ వేశాను. అప్పటి నుంచి మూత వేసి తీస్తే వైఫై వెంటనే వస్తోంది. కానీ ఈ శుక్రవారం రాత్రి పెద్ద షిప్‌మెంట్ ఉంది, పూర్తిగా నమ్మి కూర్చోవాలంటే భయంగా ఉంది. ఆ ఒక్క రాత్రికి ఏదైనా జాగ్రత్త ఉందా?

ద్వారకానగర్ నుంచి:

ఉంది మేడం. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో, మూత వేస్తే ఏం చేయాలి అనే చోట స్లీప్ తీసి హైబర్నేట్ పెట్టండి. ఆ జాబితాలో హైబర్నేట్ కనబడకపోతే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇందాకటి పవర్‌సీఎఫ్‌జీకి స్లాష్ హెచ్, ఖాళీ, ఆన్ కలిపి కొడితే వస్తుంది. హైబర్నేట్‌లో మీ ఫైళ్లన్నీ డిస్కులో భద్రంగా ఉంటాయి. మూత తీసి పవర్ బటన్ నొక్కితే లేవడానికి స్లీప్ కంటే కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే. కార్డుని మధ్యమధ్యలో లేపే పని ఉండదు కాబట్టి మీకు ఇబ్బంది పెట్టిన చోటే తగలదు. శుక్రవారం కంటే ముందే ఒకసారి పెట్టి చూసుకోండి.

అక్కడే ఫాస్ట్ స్టార్టప్ టిక్కు కూడా తీసేయండి. డ్రైవర్ ట్యాబ్‌లో ఇప్పుడున్న వెర్షన్ నంబరు ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి. విండోస్ అప్‌డేట్ ఒక్కోసారి తనే వేరే డ్రైవర్ వేసేస్తుంది. మళ్లీ వైఫై పోతే ముందు ఆ నంబరు మారిందేమో చూడండి. మారి ఉంటే రోల్ బ్యాక్ చేయండి. మారకుండానే మళ్లీ కోడ్ 45 వస్తే, అప్పుడు మెషిన్ తీసుకుని రండి. కార్డు తీసి, కాంటాక్టులు ఐసోప్రొపైల్‌తో తుడిచి, మీ ముందే మళ్లీ పెట్టి చూద్దాం. కార్డు బోర్డుకే అతికించి ఉన్న మోడల్ అయితే అదీ విప్పకముందే చెప్తాను.