కొత్త దేశంలో వైద్యం: మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఖర్చు ఎవరు కడతారు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఈ ఏడాది చివర్లో నన్ను బ్రిటన్, జర్మనీ, అమెరికాల్లో ఏదో ఒక దేశానికి పంపుతామని మా సంస్థవారు చెప్పారు. ఏ దేశమన్నది ఇంకా తేలలేదు. నా భార్య, నాలుగేళ్ల పాప కూడా వస్తారు. నాకు ఆరేళ్లుగా మధుమేహం ఉంది, రోజూ మాత్రలు వాడుతున్నాను. ఏ ఇబ్బంది వచ్చినా నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లి, అక్కడికక్కడే ఫీజు కట్టి రావడం మాకు అలవాటు. అక్కడి పద్ధతి ఎలా ఉంటుందో, దిగిన వెంటనే ఏమేమి చేసుకోవాలో అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండీ. పద్దెనిమిదేళ్లలో మీరు చెప్పిన మూడు దేశాల్లోనూ కాపురం చేశాను గనుక నాకు తెలిసింది రాస్తున్నాను. జబ్బు చేస్తే మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఆ ఖర్చు ఎవరు ఎప్పుడు కడతారు అన్న రెండు సంగతులనూ ఒంట్లో బాగున్నప్పుడే కనుక్కుని పెట్టుకోవాలి. ఏ దేశపు డాక్టర్లు గొప్పవారని మనవాళ్లు గంటల తరబడి వాదించుకుంటారు గానీ, కొత్తగా వచ్చినవారు చిక్కుల్లో పడేది చాలావరకు ఈ రెండింటి దగ్గరే.

బ్రిటన్‌లో 1948 జులై 5న మొదలైన ఎన్‌హెచ్‌ఎస్ (జాతీయ ఆరోగ్య సేవ) ప్రధానంగా పన్నుల సొమ్ముతో నడుస్తుంది. బయటి నుంచి వచ్చేవారి చేత వీసా దరఖాస్తుతో పాటే ఆరోగ్య సర్‌చార్జి కట్టిస్తారు. పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్ల చొప్పున, వీసా ఎన్నేళ్లకు ఇస్తే అన్నేళ్లదీ ఒకేసారి చెల్లించాలి కాబట్టి ఆ మొత్తం సంస్థ భరిస్తుందా, మీరే భరించాలా అన్నది ముందే అడగండి. ఇల్లు దొరికిన వారంలోనే దగ్గరలో ఉన్న జీపీ (అన్ని జబ్బులకూ మొదట చూసే సాధారణ డాక్టరు) క్లినిక్‌లో ముగ్గురి పేర్లూ నమోదు చేయించండి. అత్యవసరం కాని చాలా సమస్యలకు జీపీ రాసి పంపితేనే ఎన్‌హెచ్‌ఎస్ స్పెషలిస్టు చూస్తారు. అలా పంపిన నాటి నుంచి 18 వారాల్లో చికిత్స మొదలుకావాలన్నది లక్ష్యమే గానీ, ఎంతోమందికి అంతకంటే ఎక్కువ కాలమే పడుతోంది. మొదట్లో నాకూ ఈ ఎదురుచూపు అవమానంగానే తోచింది. జబ్బు తీవ్రతను బట్టి వరుస ముందుకూ వెనక్కూ జరుగుతుందని అర్థమయ్యాక కోపం తగ్గింది. ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకు 9.90 పౌండ్ల రుసుము ఉంది గానీ, మధుమేహానికి మందులు వాడేవారికి అది మినహాయింపు. ఆ మినహాయింపు ధ్రువపత్రం దానంతట అది రాదు. జీపీ క్లినిక్‌లో ఎఫ్‌పీ92ఏ అనే ఫారం అడిగి తీసుకుని, నింపి ఇవ్వాలి. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో మందుల చీటీకి అసలు రుసుమే లేదు.

జర్మనీ పద్ధతికి 1883లో బిస్మార్క్ హయాంలో వచ్చిన అనారోగ్య బీమా చట్టం పునాది. జీతంలో 14.6 శాతం, దానికి తోడు ఆయా బీమా నిధి (ఆరోగ్య బీమా నడిపే సంస్థ) విధించే అదనపు చందా కలిపి, సగం మీరూ సగం యజమానీ కడతారు. సంపాదన లేని భార్యకూ పాపకూ అదే చందాలో రక్షణ దొరుకుతుంది. ఏ నిధిని ఎంచుకోవాలా అని మథనపడనక్కర్లేదు, సేవల్లో అత్యధిక భాగాన్ని చట్టమే నిర్ణయిస్తుంది. జీతం ఒక పరిమితి దాటినవారికి ప్రైవేటు బీమా చవకగా కనిపిస్తుంది, అమ్మేవారు వెంటపడతారు కూడా. కానీ అందులో కుటుంబ సభ్యులందరికీ విడివిడిగా కట్టాలి, వయసుతో పాటు ప్రీమియం పెరుగుతుంది, 55 ఏళ్లు దాటాక ప్రభుత్వ పద్ధతిలోకి తిరిగి రావడం దాదాపు అసాధ్యం. మధుమేహం ఉన్న మీరు ఆ వైపు చూడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రాత్రివేళ ప్రాణాపాయం లేని ఇబ్బందికి 116117కు, ప్రమాదానికి 112కు ఫోన్ చేయాలి.

అమెరికా గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే అక్కడ బీమా ఉండటం వేరు, ఖర్చు లేకపోవడం వేరు. ఉద్యోగంలో చేరాక సాధారణంగా 30 రోజుల్లోపే బీమా ప్లాన్ ఎంచుకోవాలి. ఆ గడువు దాటితే మళ్లీ వార్షిక నమోదు దాకా ఆగాల్సి రావచ్చు. ఉదాహరణకు మీ ప్లాన్‌లో డిడక్టిబుల్ (బీమా కట్టడం మొదలయ్యేలోపు మీరే భరించాల్సిన మొత్తం) 2,000 డాలర్లు, ఆ తరువాత మీ వాటా 20 శాతం అనుకుందాం. 7,000 డాలర్ల బిల్లు వస్తే మొదటి 2,000 మీవి, మిగిలిన 5,000లో 1,000 మీవి, అంటే మొత్తం 3,000 మీ చేతి నుంచి పోతాయి. ఏడాదిలో మీరు కట్టే వాటాకు ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. నిత్యం మందులు వాడే మనిషి నెలవారీ ప్రీమియం కంటే ముందు చూడవలసింది ఆ అంకెనూ, తన మందు ఆ ప్లాన్ జాబితాలో ఉందా లేదా అన్నదాన్నీ.

డాక్టరు మీ బీమా నెట్‌వర్క్‌లో (బీమా సంస్థతో ఒప్పందం ఉన్నవారి జాబితాలో) ఉన్నారో లేదో ప్రతిసారీ అడగాలి. మేము వెళ్లిన మొదటి ఏడాది మా అబ్బాయికి అర్ధరాత్రి జ్వరం వస్తే ఎమర్జెన్సీకి పరుగెత్తాం. ఆసుపత్రి నెట్‌వర్క్‌లోదే గానీ చూసిన డాక్టరు కారట. నెల తిరిగాక ఆయన పేరుతో విడిగా ఇంకో బిల్లు వచ్చింది. ఎమర్జెన్సీ విషయంలో ఇలాంటి బిల్లులను 2022 జనవరి నుంచి అమలైన చట్టం చాలావరకు నిషేధించింది, అయితే రోడ్డు మీద నడిచే అంబులెన్సు ఆ రక్షణలోకి రాదు. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఇవేవీ లెక్కపెట్టకుండా 911కు ఫోన్ చేయండి. 1986 నాటి చట్టం ప్రకారం, డబ్బున్నా లేకపోయినా ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని ఆసుపత్రి పరీక్షించి, పరిస్థితి నిలకడయ్యేలా చికిత్స చేయాల్సిందే. బిల్లు మాత్రం ఇంటికి వస్తుంది.

రెండో సమాధానం

పై అన్నగారు చెప్పినవాటికి, మందుల దుకాణంలో పనిచేస్తున్నదాన్ని గనుక కొన్ని చేరుస్తాను. మీ డాక్టరు చేత మందుల జాబితా బ్రాండు పేర్లతో కాకుండా జెనరిక్ పేర్లతో (మందులోని అసలు పదార్థం పేర్లతో) రాయించుకోండి. మధుమేహపు మందుల్లో మెట్‌ఫార్మిన్ అన్నిచోట్లా మెట్‌ఫార్మినే గానీ, గ్లైబెన్‌క్లమైడ్‌ను అమెరికాలో గ్లైబురైడ్ అంటారు. పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్. రెండూ వేరనుకుని రెండూ వేసుకుంటే మోతాదు మించి కాలేయం దెబ్బతినవచ్చు.

చక్కెర కొలతలూ మారతాయి. అమెరికాలో 126గా కనిపించే పరగడుపు అంకె బ్రిటన్‌లో 7.0 అవుతుంది, 18తో భాగిస్తే సరి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్ష) 6.5 శాతాన్ని బ్రిటన్‌లో 48 అని రాస్తారు. పాత రిపోర్టులో 6.5 చూసి, కొత్త రిపోర్టులో 48 చూసి హడలిపోయి మా కౌంటరు దగ్గరికి వచ్చినవారిని ఎందరినో చూశాను.

బీసీజీ టీకా వేయించుకున్నవారికి క్షయ చర్మపరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. ఎక్కడైనా ఆ పరీక్ష అడిగితే, బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష చేయమని కోరండి. పాప టీకాల కార్డు అసలుది చేతి సంచిలోనే పెట్టుకోండి. జర్మనీలో 2020 మార్చి నుంచి బడిలో చేర్చడానికి తట్టు టీకా రుజువు చూపాలి. అమెరికాలో నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి గనుక ఊరు తేలిన వెంటనే బడివారినే అడగండి.