కోచ్‌ని మారిస్తే సరిపోతుందా, ఓనరే మారాలా? మా రూమ్‌లో తెగని పంచాయితీ

బైరాగిపట్టెడ_రెడ్:

అన్నలారా, ఒక గొడవ తీర్చాలి.

నేను మాంచెస్టర్ యునైటెడ్ ఫ్యాన్‌ని. నవ్వకండి. తిరుపతిలో ఫుట్‌బాల్ చూసేవాళ్ళే తక్కువ, అందులో నాకు ఈ రాత ఎందుకో. రూమ్‌లో నలుగురం ఉంటాం. అర్ధరాత్రి మ్యాచ్ పెడితే కింది పోర్షన్ ఆంటీ తలుపు కొడుతుంది. పోయిన వారం మాత్రం మ్యాచ్ లేకుండానే కొట్టింది, మా అరుపులకి. "మంచి కోచ్ ఒక్కడు దొరికితే చాలు, అంతా సర్దుకుంటుంది" అని మా ఫ్రెండ్. "ఓనర్లుగా ఈ గ్లేజర్ల కుటుంబం ఉన్నంతకాలం ఎవరొచ్చినా ఇంతే" అని నేను.

నా వాదన చెప్తా. 2005లో గ్లేజర్లు సుమారు 79 కోట్ల పౌండ్లకి క్లబ్ కొన్నారు. అందులో చాలా భాగం అప్పు. ఆ అప్పు తెచ్చి క్లబ్ నెత్తినే పెట్టారు. మన ఇల్లు ఎవడో కొని, బ్యాంకు లోన్ మాత్రం మన పేరున రాయించినట్టు. 2013లో మా పాత కోచ్ ఫెర్గూసన్ రిటైరయ్యాక మోయెస్‌కి ఆరేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చి పది నెలల్లో పంపించేశారు. వాన్ హాల్ ఎఫ్ఏ కప్ (ఇంగ్లాండ్ నాకౌట్ కప్పు) గెలిచిన రెండో రోజే ఆయన్నీ తీసేశారు. తర్వాత మౌరిన్యో, సోల్‌షేర్, రాంగ్నిక్, టెన్ హాగ్, అమోరిమ్. ఒక్కొక్కడిది ఒక్కో రకం ఆట. ఒకడి కోసం కొన్న ప్లేయర్ తర్వాతవాడికి అక్కర్లేదు.

2024 ఇంకా అన్యాయం. టెన్ హాగ్ ఎఫ్ఏ కప్ గెలిచాడు. అయినా వేరే కోచ్‌లతో మాట్లాడారు. చివరికి జులైలో ఆయనకే కాంట్రాక్ట్ పొడిగించారు, అక్టోబర్‌లో తీసేశారు. అప్పటికి బ్రిటిష్ వ్యాపారి రాట్‌క్లిఫ్ కూడా క్లబ్‌లో వాటా కొని వచ్చేశాడు, ఇక బాగుపడతామనుకున్నాం. ఆయన ఏరికోరి తెచ్చుకున్న స్పోర్టింగ్ డైరెక్టర్ (ప్లేయర్ల కొనుగోళ్ళు చూసే మనిషి) ఆష్‌వర్త్ ఐదు నెలల్లో బయటికి. అమోరిమ్ వచ్చిన ఆ సీజన్లో 15వ స్థానం. 15!

అయితే మా ఫ్రెండ్ ఒక మాట అన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. అదే గ్లేజర్ల కింద ఫెర్గూసన్ ఐదు లీగులు, ఒక ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు) గెలిచాడు కదా, అప్పుడు ఓనర్లు మంచోళ్ళా అని. ఏం చెప్పాలి?

కొర్లగుంట_బ్లూస్:

మీ ఫ్రెండ్‌కి నా ఓటు. ఓనర్ కోచ్‌లని మార్చకూడదని ఎవరు రాసిపెట్టారు? అబ్రమోవిచ్ 2003 నుంచి 2022 దాకా చెల్సీలో చేసింది అదే. అన్సెలోట్టి 2010లో డబుల్ కొట్టాడు, అంటే లీగూ ఎఫ్ఏ కప్పూ రెండూ, మరుసటి ఏడాది ఇంటికి. డి మాటియో 2012 మేలో ఛాంపియన్స్ లీగ్ తెచ్చాడు, నవంబర్‌లో ఇంటికి. 2021 జనవరిలో మా దేవుడు ల్యాంపార్డ్‌నే తీసేసి టూహెల్‌ని తెచ్చారు. ఒక రోజంతా అన్నం తినలేదు నేను. మేలో ఛాంపియన్స్ లీగ్ మాదే. మొత్తం మీద ఐదు లీగులు, రెండు ఛాంపియన్స్ లీగులు. మీ లాగా "ఓపిక పట్టండి" అని కూర్చుంటే వచ్చేవా?

గుడ్ల_మండీ_చిత్తూరు:

తమ్ముడూ, మీ ఫ్రెండ్ ప్రశ్నకి జవాబు ఉంది. ఫెర్గూసన్‌ని పెట్టింది గ్లేజర్లు కాదు. వాళ్ళు వచ్చేసరికి ఆయన దాదాపు 19 ఏళ్ళుగా అక్కడ పాతుకుపోయి ఉన్నాడు. వాళ్ళు మొట్టమొదటిసారి మేనేజర్‌ని, అంటే కోచ్‌ని, వెతకాల్సి వచ్చింది 2013లో. అప్పటి నుంచి జరిగింది నువ్వే రాశావు.

ఈ సంగతి మీద నాకు ఒక సొంత పిచ్చి ఉంది, కాస్త పొడుగైనా చదువు. మాది చిత్తూరులో కోడిగుడ్ల హోల్‌సేల్. పొద్దున లేచి ఎన్‌ఈసీసీ (గుడ్ల రేటు ప్రకటించే సంస్థ) చిత్తూరు రేటు చూడందే మా నాయన కాఫీ ముట్టడు. 1982లో ఆ ఎన్‌ఈసీసీ పుట్టడానికి కారణమైన బి.వి. రావు గారిదే వేంకటేశ్వర హ్యాచరీస్. అదే వెంకీస్. 2010 నవంబర్‌లో ఆ కుటుంబం ఇంగ్లాండ్‌లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని కొనింది. ప్రీమియర్ లీగ్ (ఇంగ్లాండ్ టాప్ లీగ్) క్లబ్ కొన్న మొదటి భారతీయ కంపెనీ వాళ్ళదే. కంపెనీ పేరు వేంకటేశ్వర, అన్నదమ్ముల పేర్లు వెంకటేశ్, బాలాజీ. కొండ నీడన పెరిగినోడికి ఇంకేం కావాలి? ఆ రోజు నుంచి నాది బ్లాక్‌బర్న్. మా నాయనైతే "మనోళ్ళు లండన్ టీము కొన్నారంట" అని మండీ అంతా చెప్పుకొచ్చాడు. అది లండన్ కాదు నాయనా, లాంకషైర్‌లో పాత బట్టల మిల్లుల ఊరు అంటే విననే లేదు.

కొన్నది 2.3 కోట్ల పౌండ్లకి, అప్పులు అదనం. 1995లో లీగ్ గెలిచిన క్లబ్ అది. వీళ్ళు వచ్చేసరికి మేనేజర్ శామ్ అలర్డైస్. టీమ్ 13వ స్థానంలో ఉంది. చూడముచ్చటైన ఆటేం కాదు, అలాగని కిందికి పడిపోయే టీమూ కాదు. నెల తిరక్కుండా ఆయన్ని తీసేసి, అక్కడే కోచింగ్ స్టాఫ్‌లో ఉన్న స్టీవ్ కీన్‌ని కూర్చోబెట్టారు. అంతకుముందు ఎక్కడా మేనేజర్‌గా చేయని మనిషి. కొనుగోలులో వీళ్ళకి సలహాలిచ్చిన ఏజెంటే కీన్‌కీ ఏజెంట్. ఫ్యాన్స్ కడుపు మండింది అక్కడే.

2012 మే 7న సొంత గ్రౌండ్ ఈవుడ్ పార్క్‌లో విగన్ చేతిలో ఓడి కింది డివిజన్‌కి పోయారు. ఆ మ్యాచ్‌లో ఎవరో క్లబ్ జెండా కప్పి ఒక కోడిని గ్రౌండ్‌లోకి వదిలారు. వెంకీస్ మీద కోపం అట్లా చూపించారన్నమాట. మర్నాడు వీడియో మా నాయనకి చూపిస్తే, టీమ్ సంగతి వదిలేసి "ఆ కోడికి మేత సరిగ్గా పెట్టడం లేదు" అన్నాడు.

తర్వాతి సీజన్ ఇంకా ఘోరం. కీన్ సెప్టెంబర్‌లో రాజీనామా చేశాడు. హెన్నింగ్ బెర్గ్ వచ్చాడు, 1995లో ఆ క్లబ్‌కే ఆడి లీగ్ గెలిచిన డిఫెండర్. 57 రోజులు ఉన్నాడు. ఆపిల్టన్ 67 రోజులు. బెర్గ్ తనకి రావాల్సిన డబ్బు కోసం కోర్టుకి పోయాడు. అప్పుడు క్లబ్ ఏం వాదించిందో తెలుసా? ఆయనకి ఆ కాంట్రాక్ట్ ఇచ్చిన మేనేజింగ్ డైరెక్టర్‌కి అట్లా ఇచ్చే అధికారమే లేదంది. కోర్టు ఒప్పుకోలేదు, 22.5 లక్షల పౌండ్లు కట్టమంది. కాంట్రాక్ట్ ఎవరు ఇవ్వొచ్చో క్లబ్‌లోనే తేలలేదంటే బెర్గ్ బదులు ఇంకెవరొచ్చి ఏం చేస్తారు?

ఇక ఓవెన్ కోయిల్ సంగతి. 2016లో బ్లాక్‌బర్న్‌కి తెచ్చారు. పక్క ఊరి పగవాళ్ళు బర్న్‌లీని ప్రీమియర్ లీగ్‌కి తీసుకుపోయింది ఆయనే కాబట్టి ఫ్యాన్స్‌కి మొదటి రోజు నుంచే గిట్టలేదు. 2017 ఫిబ్రవరిలో తీసేశారు. ఆ మేలో క్లబ్ మూడో డివిజన్‌కి పడింది. సరే. 2019 డిసెంబర్‌లో అదే కోయిల్ మన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో చెన్నయిన్ ఎఫ్‌సీకి వచ్చాడు. చిత్తూరు నుంచి చెన్నై మాకు ఎంత దూరం, బస్సెక్కి నెహ్రూ స్టేడియంకి పోయాను. పట్టిక కింది భాగంలో ఉన్న టీమ్‌ని ఫైనల్ దాకా లాక్కుపోయాడు. 2020 మార్చిలో ఏటీకే చేతిలో 3-1తో ఓడారు, అది వేరే సంగతి. తర్వాత టాటా వాళ్ళ జంషెడ్‌పూర్‌కి పోయి 2022లో లీగ్ షీల్డ్ (పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చేది) తెచ్చిపెట్టాడు. ఐఎస్ఎల్ స్థాయి వేరు అంటారా, ఒప్పుకుంటా. కానీ చెన్నైలో నేను చూసిన మనిషి పని తెలియనివాడు మాత్రం కాదు.

కొర్లగుంట_బ్లూస్:

అన్నా, గుడ్ల రేటంత పొడుగు రాశావు గానీ ఒకటి దాటేశావు. కోయిల్ తర్వాత వచ్చిన మోబ్రే? 2017 నుంచి 2022 దాకా ఐదేళ్ళు ఉన్నాడు, మూడో డివిజన్ నుంచి ఒక్క ఏడాదిలో పైకి తెచ్చాడు. అప్పుడూ వెంకీస్ వాళ్ళే కదా ఓనర్లు. మరి నీ లెక్క ఏమైంది?

నల్లకుంట_టు_తిరుచానూరు:

నాది హైదరాబాద్, ఉద్యోగం వల్ల తిరుపతిలో ఉంటున్నా. ఇంగ్లాండ్ ఓనర్ల మీద ఇంత ఏడుస్తున్నారు, మన దగ్గర జరిగింది ఎవరూ ఎత్తరేం?

హైదరాబాద్ ఎఫ్‌సీ. పుణె సిటీ మూతపడితే 2019లో దాని చోటులో వచ్చిన క్లబ్. మనోలో మార్కెజ్ 2020లో కోచ్‌గా వచ్చాడు. మన కుర్రాళ్ళని నమ్మి ఆడించాడు. ముందు ఓగ్‌బెచే గోల్స్ కొట్టేవాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్, గ్యాలరీ మొత్తం కేరళ వాళ్ళ పసుపు రంగే. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మాదే. ఇంట్లో అమ్మ నిద్ర లేచి ఏమైందిరా అంటే చెప్పడానికి గొంతు రాలేదు.

తర్వాత జీతాలు ఆగాయి. కొత్త ప్లేయర్లని తీసుకోకుండా ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పెట్టింది. మార్కెజ్ 2023లో గోవాకి పోయాడు, ప్లేయర్లు ఒక్కొక్కరే జారుకున్నారు. కప్పు గెలిచిన రెండేళ్ళకి, 2023-24లో, పట్టికలో ఆఖరి స్థానం. అప్పటి కోచ్ సింగ్టోని ఎవరైనా తిట్టగలరా? చేతిలో పిల్లలు తప్ప ఎవరూ లేరు ఆయనకి. 2024లో కొత్త ఓనర్లు వచ్చారని సంతోషించాం. 2025లో క్లబ్‌ని ఢిల్లీకి తీసుకుపోయి పేరు కూడా మార్చేశారు.

రహీమ్ సాబ్ ఊరు మాది. 1962 ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి బంగారం తెచ్చిన కోచ్ ఆయన. ఆ ఊళ్ళో ఇప్పుడు ఐఎస్ఎల్ క్లబ్ లేదు. యునైటెడ్ తమ్ముడూ, నీ క్లబ్ 15వ స్థానానికి పడినా ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే ఉంది, గుర్తుపెట్టుకో.

ఏర్పేడు_హాస్టల్:

జర్మనీ పద్ధతి పెడితే ఈ బాధే ఉండదు. 50+1 రూల్. ఓట్లలో సగం కంటే ఎక్కువ క్లబ్ సభ్యుల చేతిలోనే ఉండాలి, పెట్టుబడిదారుడు ఎంత పోసినా సరే. 2024లో లీగ్ వాళ్ళు బయటి పెట్టుబడి తెద్దామని చూస్తే ఫ్యాన్స్ గ్రౌండ్‌లోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపారు. చర్చలు రద్దు చేసుకున్నారు. మాంచెస్టర్ అయినా, హైదరాబాద్ అయినా సభ్యులకి ఓటు ఉంటే ఇలా జరిగేదా?

కొర్లగుంట_బ్లూస్:

@ఏర్పేడు_హాస్టల్ అలోన్సోని 2022లో కింది నుంచి రెండో స్థానంలో ఉన్నప్పుడు తెచ్చుకుని, 2024లో ఒక్క ఓటమి లేకుండా లీగ్ కొట్టింది లెవర్కూసెన్. ఆ క్లబ్ బాయర్ కంపెనీది. నీ 50+1కి మినహాయింపు. చదువుకో పో.

ఏర్పేడు_హాస్టల్:

మినహాయింపు చూపించి రూల్ తప్పంటే ఎట్లా మచ్చా. రేపు ల్యాబ్ ఉంది, తర్వాత వస్తా.

బైరాగిపట్టెడ_రెడ్:

హైదరాబాద్ అన్నా, చదివాక నా బాధ చెప్పుకోవడానికే సిగ్గేసింది. చిత్తూరు అన్నా, మోబ్రే మాట చెప్పలేదు మీరు. మా ఫ్రెండ్ పక్కనే కూర్చుని నవ్వుతున్నాడు.

గుడ్ల_మండీ_చిత్తూరు:

లోడు దింపుతున్నా, అందుకే ఆలస్యం.

మోబ్రే మంచి ప్రశ్నే. ఓనర్లు వాళ్ళే, కానీ ఆ ఐదేళ్ళు మనిషిని కదిలించలేదు. మూడో డివిజన్‌కి పడ్డాక వాళ్ళకి ఆ బుద్ధి వచ్చింది. ఓనర్ చెడ్డవాడైతే కోచ్ గెలవనే గెలవడని నేను అనలేదు. పనిచేయనిస్తే ఎవరి కిందైనా ఎంతోకొంత జరుగుతుంది. ఇంకొకటి, డబ్బు పెట్టలేదని వెంకీస్ వాళ్ళని అనలేం, చాలా పోశారు. ఈడీ కేసు మొదలయ్యాక ఇక్కడి నుంచి పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి అడగాల్సి వచ్చింది. 2024లో సొంత అకాడమీలో పెరిగిన వార్టన్‌ని క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మేశారు. 2025 ఫిబ్రవరిలో మేనేజర్ యూస్టస్ టీమ్‌ని ఐదో స్థానంలో పెట్టి, కింద పడిపోయేలా ఉన్న డెర్బీకి వెళ్ళిపోయాడు. పైకి పోయే టీమ్‌ని వదిలి మునిగే టీమ్‌కి ఎవడైనా ఊరికే పోతాడా?

బ్లూస్ తమ్ముడూ, నీకూ ఒకటి ఉంది. అబ్రమోవిచ్ గురించి చెప్పి ఆ తర్వాతది మింగేశావు. 2022లో కొత్త ఓనర్లు టూహెల్‌ని తీసి బ్రైటన్ నుంచి పాటర్‌ని కొనుక్కున్నారు. ఏడు నెలలు కూడా ఉంచలేదు. ఆ సీజన్లో మీరు 12వ స్థానం. కోచ్‌ని పోగొట్టుకున్న బ్రైటన్ డి జెర్బీని తెచ్చుకుని ఆరో స్థానం, చరిత్రలో మొదటిసారి యూరప్‌కి. వాళ్ళ ఓనర్ టోనీ బ్లూమ్ దగ్గర పాటర్ పోకముందే పేర్ల జాబితా ఉండి ఉంటుంది, నా నమ్మకం అది. రెడ్ తమ్ముడూ, మీ ఫ్రెండ్‌ని ఈ రెండు క్లబ్బుల పట్టిక పక్కపక్కన పెట్టి చూడమను.

కొర్లగుంట_బ్లూస్:

12వ స్థానం ఎందుకు గుర్తుచేశావన్నా. సరే, ఆదివారం రెడ్ వాళ్ళ రూమ్‌కి నేనూ వస్తా, అడ్రస్ మెసేజ్ చెయ్యి. ఆంటీకి నేను చెప్పుకుంటా.